బ్రేకుల కోసం చీటీ పాడొద్దు

ప్రశ్న: మదనపల్లె నుంచి తిరుపతికి టమాటా తోలుతాను. ఆరేళ్ల బొలెరో పికప్, 1.7 టన్నుల మోడల్. ట్రిప్పుకు 82 క్రేట్లు వేస్తాను. నిండు క్రేటు 27 కిలోలుంటుంది, క్రేటుకు 25 రూపాయల బాడుగ. భాకరాపేట ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేకు సరిగ్గా పట్టడం లేదు. వెనక డ్రమ్ములు తీసేసి డిస్కులు వేయిద్దామని మెకానిక్ అంటున్నాడు. 70 వేలు అవుతుందట. జూన్‌లో అమ్మాయి కాలేజీ ఫీజుకని కడుతున్న చీటీ పాడమంటారా, పర్సనల్ లోన్ తీసుకోమంటారా?

జవాబు: రెండూ వద్దు. ముందు బ్రేకులు బాగయ్యేదాకా లోడుతో ఘాట్ దిగకండి. ఆ నాలుగు రోజుల బాడుగ పోతే పోయింది.

డిస్కు వేడిని త్వరగా వదులుతుంది, మీ మెకానిక్ చెప్పింది అబద్ధం కాదు. కానీ కంపెనీ ఇచ్చిన బ్రేకు వ్యవస్థను అనుమతి లేకుండా మార్చడం మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌కు విరుద్ధం. ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దగ్గర ఇబ్బంది, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ల పేచీ సరేసరి. పైగా 70 వేల లోను 18 శాతం వడ్డీకి రెండేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 3,500 కిస్తీ. వడ్డీయే 13,800 దాటుతుంది.

డిస్కుల మాట పక్కన పెట్టి, ఇప్పుడున్న వెనక డ్రమ్మును విప్పించి, మీరు పక్కనే నిలబడి చూడండి. లైనర్ల (డ్రమ్ముకు లోపల ఒరుసుకునే బ్రేకు పట్టీలు) మీద నూనె తడి ఉంటే ఇరుసు దగ్గర ఆయిల్ ఆపే యాక్సిల్ సీల్ పోయినట్టు. బ్రేకు తొక్కితే లైనర్లను డ్రమ్ము మీదికి నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు ఎత్తి చూస్తే తడి కనిపించిందా, అది కారుతున్నట్టు. డ్రమ్ము గరిష్ఠంగా ఎంత వ్యాసం దాకా అరగవచ్చో దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. అంతలోపు ఉంటే లేత్ మీద సాపు చేయించుకోవచ్చు, దాటితే కొత్తది కొనాలి. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లయితే అదీ మార్పించండి. తేమ పట్టిన ఆయిల్ ఘాట్ వేడికి మరిగితే పెడల్ మెత్తబడిపోతుంది. లోడును బట్టి వెనక చక్రాలకు బ్రేకు పంచే వాల్వు ఉంటుంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. ఇవన్నీ చేయించినా 70 వేలలో చిన్న భాగమే అవుతుంది. రెండు చోట్ల ఎస్టిమేట్ రాయించుకోండి.

ఇక మీరు అడగని లెక్క ఒకటుంది. 1.7 టన్నులంటే 62 క్రేట్లు. మీరు 82 వేస్తున్నారు. ఆ 20 క్రేట్లకు ట్రిప్పుకు వచ్చేది 500. ఓవర్‌లోడుకు ఒక్కసారి దొరికితే 20 వేలు, ఆపైన అదనపు టన్నుకు 2 వేల చొప్పున కట్టాలి. అంటే 40 ట్రిప్పుల అదనపు బాడుగ ఒక్క రోజులో పోతుంది. ఆ 500 కోసం లైనర్లు కాలడం వేరే. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తే లైనరు ఉండే షూ దాన్ని అందుకోవడానికి ఇంకా దూరం జరగాలి. మీ బ్రేకు సరిగ్గా పట్టకపోవడం బహుశా అందుకే. 62కి తగ్గించండి. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి, డీజిల్ ఆదా అని న్యూట్రల్ చేయొద్దు.

రిపేర్ బిల్లుతో పన్ను తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. బండికి నెలకు 7,500 ఆదాయంగా చూపే అంచనా పద్ధతిలో రిటర్న్ వేస్తుంటే విడిగా ఖర్చులేవీ తీసేయనివ్వరు.

ఇకనుంచి కిలోమీటరుకు 50 పైసలు వేరే ఖాతాలో వేయండి. నెలకు 4 వేల కిలోమీటర్లు తిరిగితే 2 వేలు. బ్రేకులు, టైర్లు దాంట్లోంచే. చీటీ మాత్రం జూన్ దాకా కదపొద్దు.