ఆటుపోట్ల పాఠం చెప్పబోతున్న చిట్టికి

చిట్టీ,

ఆశీస్సులు. ఆటుపోట్ల పాఠం ఎలా మొదలుపెట్టాలి పెద్దమ్మా అని అడిగావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

బోర్డు మీద భూమిని, చంద్రుణ్ణి, రెండు పక్కలా ఉబ్బిన నీళ్ళని గీసి మాత్రం మొదలుపెట్టకు. నేను చాలా ఏళ్ళు అదే చేశాను. "చంద్రుడు నీళ్ళని లాగుతాడు, అందుకే పోటు" అనేదాన్ని. ఒకసారి వెనక బెంచీ కుర్రాడు లేచి, "అలాగైతే చంద్రుడు లేని పక్క కూడా నీళ్ళెందుకు పొంగుతాయి టీచర్?" అన్నాడు. ఉన్నది రాసుకోరా అని కూర్చోబెట్టాను. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకే తెలీదు.

ముందు పిల్లలకి సముద్రం చూపించు. మెరీనా వద్దు. చెన్నైలో పోటుకీ ఆటుకీ తేడా పెద్ద రోజుల్లో కూడా సుమారు ఒక మీటరే. మెరీనాలో అలల హోరులో అది కనిపించదు. పైగా పిల్లలు అలనే పోటు అనుకుంటారు. అలలు గాలి వల్ల పుడతాయని ముందే చెప్పు. కాసిమేడు చేపల హార్బరుకి తీసుకెళ్ళు. గోడ లోపల నీళ్ళు కాస్త నిలకడగా ఉంటాయి. గోడ మీద తడిసిన చార చూపించి, నీటిమట్టం దగ్గర సుద్దతో గీత గీయించు. పోటు నుంచి ఆటుకి ఆరు గంటల పైన పడుతుంది కాబట్టి పొద్దున ఒక గుంపుని, మధ్యాహ్నం ఇంకో గుంపుని తీసుకెళ్తే సరి. చేపల వాసనకి ముక్కులు మూసుకుంటారు, మూసుకోనీ.

ఇక ఆ కుర్రాడి ప్రశ్న. స్కూలు గ్రౌండులో ముగ్గురు పిల్లల్ని ఒకరి వెనక ఒకరిని నిలబెట్టి, వేపచెట్టే చంద్రుడు అని చెప్పు. ముందున్నవాడు గట్టిగా పరిగెత్తాలి, మధ్యవాడు మామూలుగా, వెనకవాడు నెమ్మదిగా. కాసేపటికి మధ్యవాడికి ఇద్దరూ దూరమవుతారు, ఒకడు ముందుకి, ఒకడు వెనక్కి. ముగ్గురూ పరిగెత్తింది మాత్రం చెట్టు వైపే. మధ్యవాడు భూమి, మిగతా ఇద్దరూ రెండు పక్కల నీళ్ళు. చంద్రుడు దగ్గరి నీళ్ళని భూమి కంటే ఎక్కువగా, అవతలి నీళ్ళని భూమి కంటే తక్కువగా లాగుతాడు. పోటు తెచ్చేది లాగుడు కాదు, లాగుడులో తేడా. ఈ ఒక్క ముక్క పిల్లల బుర్రకెక్కితే చాలు. పుళల్ చెరువులో పోటెందుకు రాదని ఎవరైనా అడిగితే, చెరువు ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ మధ్య ఆ తేడా లెక్కకి రానంత చిన్నదని చెప్పు.

సూర్యుడి సంగతి కూడా ఈ తేడాతోనే తేలిపోతుంది. సూర్యుడు భూమిని చంద్రుడి కంటే సుమారు 180 రెట్లు గట్టిగా లాగుతాడు. అయినా పోటులో ఆయన వాటా చంద్రుడి వాటాలో సగం కూడా లేదు. పెద్ద క్లాసు పిల్లలైతే లెక్క చేయించు. సూర్యుడి బరువు చంద్రుడికి 2.7 కోట్ల రెట్లు, దూరం 390 రెట్లు. లాగుడు దూరం వర్గాన్ని బట్టి తగ్గితే, లాగుడులో తేడా ఘనాన్ని బట్టి తగ్గుతుంది. 390ని 390తో, మళ్ళీ 390తో గుణిస్తే 5.9 కోట్లు దాటుతుంది. 2.7ని 5.9తో భాగిస్తే 0.46. ఈ లెక్క తేలినప్పుడు నాకు కలిగిన సంతోషం మీ పెదనాన్నకి ఎప్పటికీ అర్థం కాలేదు.

క్యాలెండరు ఇంటి పనికి పనికొస్తుంది. అమావాస్యకి, పౌర్ణమికి సూర్యుడూ చంద్రుడూ భూమితో ఒకే గీత మీదకి వస్తారు కాబట్టి పోటు పెద్దది, అష్టమి రోజుల్లో అడ్డంగా ఉంటారు కాబట్టి చిన్నది. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది, కంగారు పడకు. చంద్రుడు రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు కాబట్టి ఇవాళ పొద్దున 8 గంటలకి పోటైతే రేపు 8.50 ప్రాంతంలో. ఆడి అమావాస్యకి సముద్ర స్నానానికి వెళ్ళే ఇళ్ళ పిల్లలుంటే, ఆ రోజుల్లో నీళ్ళు ఇంకాస్త పైకి వస్తాయని ఇంట్లో చెప్పమను.

గుజరాత్‌లో ఖంభాత్ సింధుశాఖలో పోటు దాదాపు పది మీటర్లు లేస్తుంది. అదే చంద్రుడు, మనకి ఒక మీటరే. తీరం ఆకారం, సముద్రం లోతు కూడా లెక్కలోకి వస్తాయన్నమాట. ఇది ఒక్క మాటలో చెప్పి వదిలెయ్, లోతుకి వెళ్తే నువ్వే మునుగుతావు.

ఒకటి మాత్రం వదలకు. చెన్నై పిల్లలు సునామీ గురించి తప్పకుండా అడుగుతారు. 2004 డిసెంబరు 26 పౌర్ణమే, అందుకే కొందరు చంద్రుడి మీద తోసేశారు. అది సుమత్రా దగ్గర సముద్రం అడుగున వచ్చిన భూకంపం వల్ల వచ్చింది, పోటు కాదు. ఆ రోజు నీళ్ళు చూసినవాళ్ళు పిల్లల ఇళ్ళల్లో ఉండొచ్చు, నెమ్మదిగా చెప్పు.

తప్పు చెప్పిన పిల్లల్ని కసరకు. చంద్రుడికి పోటుతో సంబంధం లేదని 1632లో గెలీలియో అంతటివాడే వాదించాడు. 1687లో న్యూటన్ వచ్చాక గానీ సంగతి తేలలేదు.

కాసిమేడు వెళ్ళే రోజు అష్టమి కాకుండా చూసుకో, గోడ మీద తేడా బాగా కనిపించాలి. పౌర్ణమి మర్నాడు పెట్టుకుంటే నేనూ వస్తాను. ఆటో దగ్గరదాకా వెళ్తుందేమో కనుక్కో, నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసుగా.

మీ పెద్దమ్మ