విదేశీ ఆసుపత్రికి వాలంటీరుగా వెళ్లే వైద్య విద్యార్థి ఎంతవరకు చేయవచ్చు?

మీ దేశంలో మీకు అనుమతి లేని పని అక్కడా చేయకూడదు. కుట్లు వేయడం, కాన్పు చేయడం నేర్పిస్తామని ప్రచారం చేసుకునే ప్రోగ్రామును వదిలేయడానికి ఆ ఒక్క మాట చాలు. డాక్టర్ల కొరత ఉంది కదా అనే వాదన నిలవదు. కుట్టు సరిగా పడక చీము పడితే, మీరు విమానం ఎక్కాక ఆ రోగిని చూసుకోవాల్సింది ఆ కొరతతో సతమతమయ్యే సిబ్బందే.

ఎవరైనా సూది చేతికిచ్చి "నువ్వు చెయ్యి" అంటే, "నాకు ఇందులో శిక్షణ లేదు, పక్కన నిలబడి చూస్తాను" అనండి. ఈ వాక్యం స్థానిక భాషలో బయల్దేరే ముందే నేర్చుకోండి. మీరు విద్యార్థి అని రోగికి అర్థమయ్యేలా చెప్పించి, ఒప్పుకున్నాకే దగ్గరికి వెళ్లండి. తెల్లకోటు చూసి డాక్టరనుకుని తలూపితే అది ఒప్పుకోలు కాదు.

డబ్బు కట్టే ముందు రాతపూర్వకంగా అడగండి: పర్యవేక్షించే డాక్టరుకు ఆ దేశపు లైసెన్సు ఉందా, టూరిస్టు వీసా మీద రమ్మంటున్నారా, ఫీజులో ఆసుపత్రికి చేరేదెంత? జవాబు దాటవేస్తే వెళ్లకండి.

రోగుల ఫోటోలు తీయకండి. ముఖం కనపడకపోయినా గాయం, ఊరి పేరు, తేదీ కలిస్తే చిన్న ఊళ్లో మనిషెవరో తెలిసిపోతుంది.

ప్యాకేజీలో అనాథాశ్రమం కూడా ఉంటే అసలే వద్దు. అలాంటి చోట్ల చాలామంది పిల్లలకు తల్లో తండ్రో బతికే ఉంటారు. వాలంటీర్ల డబ్బు కోసమే పిల్లల్ని ఇంటి నుంచి వేరుచేసిన సందర్భాలున్నాయి. ఈ హానిని అరికట్టాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2019లోనే తీర్మానంలో కోరింది.