లోపలికి పంపే ముందు బయటికొచ్చే దారి చూసుకో

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీర్వదించి రాసేది. మీ ఆడిటర్ గారి ఆఫీసు కాగితాలన్నీ స్కాన్ చేసి భద్రపరిచే సాఫ్ట్‌వేర్ ఎంపిక చేసే పని నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. వచ్చి చూపించిన మూడింటిలో ఏది చౌక, దేనిలో వెతకడం సులువు అన్నది నువ్వు వివరంగా రాశావు. రేపు ఆ సాఫ్ట్‌వేర్ వద్దనుకుంటే కాగితాలు ఏ రూపంలో మన చేతికి తిరిగి వస్తాయో మాత్రం ఎక్కడా రాయలేదు. రికార్డు గదిలో ముప్పై ఏళ్లు గడిపిన నాకు ముందు తట్టేది ఆ ప్రశ్నే.

నేను పనిచేసిన సహకార సంఘంలో సభ్యుల తనఖా దస్తావేజులు, రుణపత్రాలు అన్నీ ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాం. ఆరేళ్ల తర్వాత వాళ్లు ఏటా కట్టే రుసుమును రెట్టింపు చేయడంతో మానుకోవాలనుకుని, మా కాగితాలు మాకిమ్మని అడిగాం. ఒక హార్డ్ డిస్క్ ఇచ్చారు. అందులో ఒక్క కాగితమూ తగ్గలేదు గానీ, ప్రతి ఫైలుకూ పేరు ఉండాల్సిన చోట 00018342 లాంటి అంకెలే ఉన్నాయి. ఒకటి తెరిస్తే ఏదో దస్తావేజు రెండో పేజీ, ఇంకొకటి తెరిస్తే ఎవరిదో వేలిముద్ర ఉన్న రశీదు. ఏ పేజీ ఏ సభ్యుడిదో చెప్పే ఇండెక్స్ వాళ్ల డేటాబేస్‌లోనే ఉండిపోయింది. దాన్ని ఇవ్వాలని మా ఒప్పందంలో ఎక్కడా లేదు. ఇద్దరు గుమాస్తాలు నాలుగు నెలల పాటు ఒక్కొక్క ఫైలూ తెరిచి, మూలన ఉన్న సభ్యత్వ సంఖ్య చూసి పేరు పెట్టుకుంటూ వచ్చారు. సంఖ్య మాసిపోయిన కాగితాలు ఎవరివో ఈనాటికీ తెలియదు.

అందుకే చెబుతున్నాను, 'మీ ఫైళ్లు ఎప్పుడైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు' అనే మాటతో తృప్తిపడవద్దు. ఖాతాదారు పేరు, సంవత్సరం, కాగితం రకం, ఎవరు ఎప్పుడు మార్చారు, పాత ప్రతులు ఏవి అనే వివరాలన్నీ సీఎస్‌వీ లేదా ఎక్స్ఎంఎల్ వంటి, ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే రూపంలో, ఏ వివరం ఏ ఫైలుదో తెలిసేలా రావాలి. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, అంటే లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉంచినది, తీసుకుంటే ఈ బెడద ఉండదని కొందరంటారు. అది సగమే నిజం. అలాంటిదే అయిన ఆల్‌ఫ్రెస్కో కూడా సర్వర్‌లో ఫైళ్లను పొడవాటి సంకేత నామాలతోనే దాస్తుంది, వాటి అసలు పేర్లు డేటాబేస్‌లో ఉంటాయి. పేపర్‌లెస్ ఎన్‌జీఎక్స్ అనే మరో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఫైళ్లనూ వాటి వివరాలనూ కలిపి బయటికి తీసే ఆదేశం ఉంది కనుక చిన్న ఆఫీసులకు నాకది నచ్చింది.

కొనే ముందు ఒక పరీక్ష పెట్టు. మీ ఆఫీసు కాగితాలే ఒక వంద ఎక్కించి, వాటిలో కొన్నింటికి మార్పులు చేసిన రెండు మూడు ప్రతులు, తెలుగులో రాసిన గమనికలు చేర్చు. తర్వాత మొత్తం బయటికి తీయించి, ఆ సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటర్‌లో పెట్టి, ఫలానా ఖాతాదారు ఫలానా ఏటి బ్యాలెన్స్ షీట్ వెతకమని ఈ సంగతేమీ తెలియని కుర్రవాడికి చెప్పు. అతడు పది నిమిషాల్లో తీసిస్తే సరే. తీయలేకపోతే ఆ సాఫ్ట్‌వేర్ ఎంత బాగున్నా వదిలేయి.

తెలుగు గమనికలు అన్నది ఊరికే కాదు. పాత అను ఫాంట్లలో టైపు చేసినదంతా ఆ ఫాంటు లేని చోట పిచ్చి గీతలుగా కనబడడం నువ్వూ చూసే ఉంటావు. అదీ ఒక రకం బందిఖానాయే. కాబట్టి తెలుగంతా యూనికోడ్‌లో, అంటే ఒక్క ఫాంటుకే కట్టుబడని అక్షర సంకేతాల్లో, ఉండాలి. స్కాన్ చేసినవి పీడీఎఫ్/ఏ రూపంలో దాచండి. దీర్ఘకాలం దాచడం కోసమే 2005లో ఐఎస్ఓ 19005 పేరిట ఆ ప్రమాణం వచ్చింది.

ఒప్పందం విషయంలో తొందరపడకు. కంపెనీల చట్టం, 2013లోని 128వ సెక్షన్ ప్రకారం లెక్కల పుస్తకాలను ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి, సాఫ్ట్‌వేర్ ఒప్పందమేమో ఏడాదికో మూడేళ్లకో ముగుస్తుంది. అందువల్ల గడువు తీరాక ఎన్ని రోజులు మన కాగితాలు వాళ్ల దగ్గర ఉంటాయి, వివరాలతో సహా ఏ రూపంలో ఇస్తారు, దానికి ఎంత తీసుకుంటారు, మనకు అందాయని రాసిచ్చేదాకా చెరపకుండా ఉంటారా అన్నవన్నీ కాగితం మీద ఉండాలి. అమ్మడానికి వచ్చినప్పుడు నోటితో ఎన్నో చెబుతారు, కానీ ఆ మనిషి రేపు అక్కడ పనిలో ఉండకపోవచ్చు.

కొన్న తర్వాత కూడా ప్రతి ఏప్రిల్‌లో, పాత ఏడాది లెక్కలు మూసినప్పుడు, మొత్తం ఒకసారి బయటికి తీసి వేరే డిస్క్‌లో పెట్టి, ఫైళ్ల సంఖ్య సరిపోయిందో లేదో చూసుకోండి. ఒప్పందం ముసాయిదా రాగానే సంతకం పెట్టకముందే నాకొక ప్రతి పంపు. కళ్లద్దాలు మార్చుకున్నాను, సన్న అక్షరాలు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నాయి.

ఆశీస్సులతో,
మామయ్య