కష్టాలు తీరాక అమ్మకు దిగులెందుకు?

ప్రశ్న: మాది వరంగల్ కొత్తవాడ. నాన్న చనిపోయేనాటికి నేను ఏడో తరగతి, తమ్ముడు నాలుగో తరగతి. అమ్మ మొదట కండెలు చుట్టి, తర్వాత తానే మగ్గం మీద కూర్చుని జంపఖానాలు నేసి మమ్మల్ని చదివించింది. అప్పులైనా, పని దొరకని నెలలైనా ఆమె డీలాపడటం మేం చూడలేదు. ఇప్పుడు మాకిద్దరికీ ఉద్యోగాలున్నాయి. మగ్గం అమ్మేసి, అమ్మను హన్మకొండలో మా ఫ్లాట్‌కు తెచ్చుకున్నాం. ఏడాదిగా ఆమె ముభావంగా ఉంటోంది. ‘నాతోని ఇప్పుడు ఎవలికేం పనున్నది బిడ్డా’ అంటోంది. అన్ని కష్టాలను తట్టుకున్న మనిషి సుఖపడాల్సిన రోజుల్లో ఇలా ఎందుకైంది?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: మీ అమ్మగారి ధైర్యం తగ్గిందని అనుకోకండి. దెబ్బ తిన్నాక మళ్లీ నిలదొక్కుకోగలగడం ఒకటి, బతుకు తృప్తిగా ఉందనిపించడం మరొకటి. మొదటిది ఉన్నవారిలో రెండోది కూడా ఎక్కువగానే కనిపిస్తుందని పరిశోధనలు చెబుతున్న మాట నిజమే. అయితే ఆ రెండింటినీ కలిపేది చాలామందిలో ‘ఇదంతా ఫలానా దానికోసం’ అన్న ఎరుక. అమ్మగారు ఇప్పుడు పోగొట్టుకున్నది దాన్నే అని మీ ఉత్తరం చదివితే నాకు అనిపించింది.

జీవిత సంతృప్తిని కొలవడానికి అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్ డీనర్, ఆయన సహచరులు 1985లో ఐదు వాక్యాల ప్రశ్నావళిని ప్రచురించారు. ఒక్కో వాక్యానికి 1 నుంచి 7 వరకు అంకె వేసుకుంటే మొత్తం 5 నుంచి 35 మధ్య వస్తుంది. ఆ ఐదింటిలో ఎక్కడా జీతం, ఇల్లు, ఆరోగ్యం ప్రస్తావన ఉండదు. తాను కోరుకున్న బతుక్కీ గడుపుతున్న బతుక్కీ ఎంత పొంతన ఉందో ఎవరికి వారు తూచుకోవాలి. మీరు అమర్చిన సౌకర్యాలన్నీ ఉన్నా అమ్మ తూకం మీరనుకున్న వైపు మొగ్గకపోవడానికి కారణం ఇదే. 2006లో మరో మనస్తత్వ శాస్త్రవేత్త మైకేల్ స్టీగర్ బృందం మరో పది వాక్యాల ప్రశ్నావళిని రూపొందించింది. అందులో ఐదు వాక్యాలు బతుక్కి అర్థం ఉందన్న భావనను, మరో ఐదు ఆ అర్థం కోసం సాగే వెతుకులాటను కొలుస్తాయి. సంతృప్తితో కలిసి నడిచేది మొదటిదే. వెతుకులాటలో ఉన్నవారికి తృప్తి కాస్త తక్కువగా ఉండటమూ కనిపించింది. గుంట మగ్గంలో కాళ్లు దించి, తెగిన పోగును అతుక్కుంటూ కూర్చున్న రోజుల్లో మీ అమ్మకు వెతుక్కోవాల్సిన అవసరమే లేదు. ఈ జంపఖానా దిగితే తమ్ముడి ఫీజు కట్టొచ్చు, ఆ పైది మీ పుస్తకాలకు. మీరిద్దరూ స్థిరపడటంతో ఆ పని పూర్తయింది. అరవై దాటాకనో, ఆ దగ్గరలోనో, ఆమె వెతుకులాట మొదలైంది.

ఆ చాకిరీయే మేలని నేననడం లేదు. నడుము పడిపోయేదాకా నేయించడం ఎవరికీ న్యాయం కాదు, మాన్పించి మంచి పనే చేశారు. కానీ మగ్గంతో పాటు వాడకట్టు కూడా పోయింది, నా దృష్టిలో అదే పెద్ద నష్టం. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను మనస్తత్వ శాస్త్రవేత్త ఎమీ వెర్నర్ దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంట్లో కలతల వంటి ఇబ్బందులు ఎక్కువగా ఉన్న పిల్లల్లో సుమారు మూడో వంతు మంది సమర్థులుగా, ఆదరణ గల మనుషులుగా ఎదిగారు. వారికి అండగా కనీసం ఒక్క పెద్ద మనిషితోనైనా గట్టి అనుబంధం ఉండేది. తట్టుకునే శక్తి మనిషి లోపలే పుట్టదు, చుట్టూ ఉన్నవాళ్లు కూడా దాన్ని పోస్తారు. జ్వరమొచ్చిన రోజు కండెలు చుట్టిపెట్టినవారు, బియ్యం అప్పిచ్చినవారు కొత్తవాడలో మీ అమ్మకూ ఉండే ఉంటారు. ఫ్లాట్‌లో పక్క తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. అర్థానికీ తృప్తికీ ముడిపెట్టే అధ్యయనాల్లో చాలావరకు ఒక్కసారి ప్రశ్నలడిగి తేల్చినవి కాబట్టి, అర్థం వల్ల తృప్తి కలుగుతుందో, తృప్తి ఉన్నవారికే అర్థం కనబడుతుందో వాటితో నిర్ధారించలేం. అందుకే కారణం మనమే తేల్చేయకుండా ఆమెనే చెప్పనివ్వాలి. ‘అంత ధైర్యంగా ఉండేదానివి, ఇప్పుడేమైంది’ అని మాత్రం అనకండి. ఆ మెచ్చుకోలు తన బాధ చెప్పుకునే నోరు నొక్కేస్తుంది.

నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడిన వియన్నా మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్, అర్థం దొరికే దారులు మూడని చెప్పారు: ఏదైనా చేయడం, మనుషులనూ లోకాన్నీ ప్రేమతో అనుభవించడం, తప్పించుకోలేని బాధ ముందు తన నిలకడను కాపాడుకోవడం. మూడోది మీ అమ్మ చాలా చేశారు. మొదటి రెండింటికీ ఇప్పుడైనా చోటివ్వండి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ నేత ఎరిగిన చేతులు నేర్పేవాళ్లుగా విలువైనవి. వారంలో ఒకటి రెండు రోజులు ఆమె కొత్తవాడకు వెళ్లి పాతవాళ్లతో గడిపే వీలు కల్పించండి. నేర్పుతారో, కబుర్లే చెప్పుకుంటారో ఆమె ఇష్టం. మగ్గం అమ్మేటప్పుడు ఆమెను అడిగారో లేదో మీరు రాయలేదు. అడగకపోయి ఉంటే ఇంట్లో జరిగే తర్వాతి నిర్ణయాల్లోనైనా ఆమె మాట ముందు వినండి.

ముభావంతో పాటు నిద్ర, ఆకలి తగ్గి, దేనిమీదా ఆసక్తి లేకుండా రెండు వారాలకు మించి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. థైరాయిడ్ లోపం వల్ల కూడా నీరసం, దిగులు వస్తాయి. ముందు డాక్టర్‌కు చూపించండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ ‘టెలి మానస్’ కౌన్సెలర్లు ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. ‘బతకాలని లేదు’ అన్న మాట ఒక్కసారి వినబడినా మరునాటి దాకా ఆగకండి.