సర్ఫింగ్‌కు వెట్‌సూట్ ఎంత మందం ఉండాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్‌లో సర్ఫింగ్ నేర్చుకుంటానంటున్నాడు. నీటిలో చలి ఆగేందుకు ఒంటికి బిగుతుగా తొడిగే రబ్బరు దుస్తు, అదే వెట్‌సూట్, ఎంత మందంగా ఉంటే అంత మంచిదంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: నిజం కాదండీ. వెట్‌సూట్ నీటిని పూర్తిగా అడ్డుకోదు. లోపలికి చేరిన పలుచని నీటిపొరను ఒంటివేడి వెచ్చబరిస్తే, నియోప్రిన్ రబ్బరులోని సన్నని వాయుబుడగలు ఆ వెచ్చదనం త్వరగా బయటికి పోకుండా ఆపుతాయి. 1950లలో కాలిఫోర్నియాలోని చల్లని నీటి కోసం రూపుదిద్దుకున్న ఈ దుస్తును, చలికాలంలోనూ 20 డిగ్రీల సెల్సియస్‌కు పైనే ఉండే మన సముద్రంలో మందంగా తొడిగితే, పిల్లవాడు ఉక్కతో త్వరగా అలసిపోతాడు. ఎండనూ, సర్ఫింగ్ బోర్డుకు పూసే మైనపు రాపిడినీ తట్టుకునే పొడుగుచేతుల రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే పలుచని ఈత చొక్కా) సాధారణంగా సరిపోతుంది. పుష్యమాసపు తెల్లవారుజామున గాలికి వణికేవారైతే 2 మిల్లీమీటర్ల మందంతో, పొట్టి చేతులూ కాళ్లూ ఉన్న సూట్ తీసుకోండి.

మందం కంటే కొలతే ముఖ్యం. నడుము వెనుక, చంకల్లో ఖాళీ ఉంటే నీరు అదేపనిగా మారిపోతూ సూట్ నిష్ప్రయోజనమవుతుంది. అందుకే తొడిగించి, చేతులు పైకెత్తించి, గుంజీలు తీయించి, ఊపిరి ధారాళంగా ఆడుతోందో లేదో చూశాకే కొనండి.

తీరం నుంచి సముద్రంలోకి లాగే ప్రవాహాల నుంచి ఏ సూటూ కాపాడదు గనుక, శిక్షకుడు లేనిదే నీటిలోకి పంపవద్దు. అక్కడి మన తెలుగు జాలర్లనూ ఆనాటి సముద్రం తీరు అడగండి. సూట్‌ను వాడాక మంచినీటితో కడిగి నీడలో ఆరవేస్తే రబ్బరు మన్నుతుంది.