టెక్ సందేహాలు: 172 చాలడం లేదు, స్పీడున్న విమానం ఏది కొనాలి?

ప్రశ్న: ప్రైవేట్ పైలట్ లైసెన్స్ వచ్చి నాలుగేళ్లయింది, సొంత సెస్నా 172 ఉంది. నెలకు రెండుసార్లు 300 నాటికల్ మైళ్లు వెళ్లొస్తుంటాను. దీని నిదానం చూస్తే విసుగొస్తోంది. మూనీ, బొనాంజా, సిరస్‌లలో ఏది మంచిది?

జవాబు: పేర్లు తర్వాత, ముందు లెక్క చూద్దాం. మీ 172 దాదాపు 120 నాట్స్‌తో పోతుంది (నాట్స్ అంటే వరి నాట్లు కాదు, ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు, అంటే మీరు గంటకు 222 కిలోమీటర్ల వేగంతో పోతూ విసుక్కుంటున్నారన్నమాట!). గాలి లేని రోజున 300 నాటికల్ మైళ్లకు రెండున్నర గంటలు. 160 నాట్స్ విమానంలో గంటా 52 నిమిషాలు. 180 అయితే ఇంకో పన్నెండు నిమిషాలు తగ్గుతుంది, ఖర్చు మాత్రం ఎక్కువగా పెరిగేది ఈ పన్నెండు నిమిషాల దగ్గరే.

అసలు తేడా తెలిసేది ఎదురుగాలిలో. 30 నాట్స్ గాలి ముఖాన కొడుతుంటే మీ 172కి మిగిలేది 90, ప్రయాణం మూడు గంటల ఇరవై నిమిషాలు. అదే గాలిలో 160 నాట్స్ విమానం రెండు గంటల 18 నిమిషాల్లో దిగిపోతుంది. గంటకు పైగా మిగిలింది కదా, స్పీడుకు డబ్బు పెట్టాలంటే నాకు కనిపించే గట్టి కారణం ఇదే.

పోనీ 172కే పెద్ద ఇంజన్ పెడితే? కుదరదు. వేగం పెరిగేకొద్దీ కావాల్సిన పవర్ దాని ఘనంతో పెరుగుతుంది, అదే బాడీని 120 నుంచి 160కి తోయాలంటే రెండింతలు దాటిన పవర్ కావాలి. మూనీ ఎం20జే 200 హార్స్‌పవర్‌తోనే 155 నాట్స్‌కు అటూఇటూగా పోతుందంటే కారణం దాని నున్నటి బాడీ, లోపలికి ముడుచుకునే చక్రాలు. సిరస్ ఎస్‌ఆర్22 చక్రాలు ముడవకుండానే 180 దాకా వెళ్తుంది, కానీ అందులో ఉన్నది 310 హార్స్‌పవర్ ఇంజన్, తాగుడు కూడా ఆ లెక్కనే. మొత్తం విమానాన్ని దించే పారాచూట్ దాని ప్రత్యేకత, ఇంట్లోవాళ్లు ‘నాకు భయం’ అంటుంటే అదొక్కటే బేరం తెగ్గొట్టేస్తుంది. పదేళ్లకోసారి దాన్ని మార్చే ఖర్చు ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి.

మీరు ఎక్కువగా ఒక్కరే, లేదా ఇద్దరు వెళ్తారా? అయితే మూనీ. పిల్లలు, సామాన్లు అంటే ఆరు సీట్ల బొనాంజా 36. సీట్లు ఆరున్నాయని ఆరుగురిని ఎక్కించేయకండి సుమా, లీటరు పెట్రోలు 0.72 కిలోలు, 280 లీటర్లు పోస్తే 200 కిలోలు అక్కడే పోయాయి. మోయగల బరువులోంచి అది తీసేసి, మిగిలినదాంట్లో మనుషులను లెక్కపెట్టండి.

ఇంకో సంగతి. 172 తప్పులు క్షమిస్తుంది, మూనీ క్షమించదు. ఐదు నాట్స్ ఎక్కువతో రన్‌వే మీదికి వచ్చారా, చక్రాలు నేలకు తగలకుండా తేలుతూనే పోతుంది, మీరేమో ముందున్న రన్‌వే తరిగిపోవడం చూస్తూ కూర్చోవాలి. చక్రాలు దించే గేర్ లివర్ మర్చిపోతే పొట్టమీద దిగడమే, ప్రొపెల్లర్ వంగిపోతుంది, ఇంజన్ మొత్తం విప్పి చూడాలి. చక్రాలు దిగాయని చెప్పే ఆకుపచ్చ లైటు వెలిగిందా అని రెండుసార్లు, అదీ పైకి అంటూ చూసుకోవడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి. ఇన్సూరెన్స్ వాళ్లు కూడా ఆ మోడల్ మీద ఎన్ని గంటలు నడిపారనే ముందు అడుగుతారు.

పాత మూనీ చూడ్డానికి వెళ్తే రెక్కల కిందికి వంగి చూడండి. నీలం మరకలుంటే ట్యాంకు సీలెంట్ పాడై పెట్రోలు కారుతున్నట్టే, ఈ విమానాల్లో పోసే 100ఎల్ఎల్ పెట్రోలు రంగే అది. అమ్మేవాళ్ల మెకానిక్ కాదు, మీ మెకానిక్ చూడాలి.

ప్రశ్న: టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) ఉన్నదే తీసుకోమంటున్నారు, నిజమేనా?

జవాబు: కొండల మీదుగా వెళ్తుంటే నిజమే. ఎనిమిది వేల అడుగుల్లో తిరిగేవాళ్లకు టర్బో వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు, దాని లాభం కనిపించేంత ఎత్తుకు పోతే ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకోవాలి. మీ వెనక సీటువాళ్లను అడిగారా?