డిఫరెన్షియల్ మారుస్తానన్న కిరణ్‌కి

చిరంజీవి కిరణ్‌కి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. డాట్సన్ 240జెడ్‌లో వెనక చక్రాలకి ఇంజిన్ బలాన్ని పంచే డిఫరెన్షియల్, ఆర్180 రకంది, తీసేసి ఆర్200 పెడతానంటున్నావు. నాలుగు బోల్టులు విప్పి బిగిస్తే అయిపోతుందని నీకు ఎవరో చెప్పారట. చెప్పినవాడు తన చేత్తో మార్చి ఉండడు.

డాట్సన్ చేసిన నిస్సాన్ వాళ్ల డిఫరెన్షియల్ పేర్లలోని అంకె క్రౌన్ వీల్ (లోపలి పెద్ద పళ్ల చక్రం) వ్యాసం, మిల్లీమీటర్లలో, సుమారుగా. డాట్సన్ 510కి 160, నీ బండికి 180, తర్వాతి 280జెడ్‌లలో ఎక్కువగా 200. అంకె పెరిగితే పళ్లు బలంగా ఉంటాయి, బరువూ పెరుగుతుంది. అంతకుమించి ఆ అంకె నీకేమీ చెప్పదు. ఆర్200లోనే ముందుకి పొడుచుకొచ్చే భాగం, అంటే ముక్కు, పొడుగుగా ఉన్నది ఒకటి, పొట్టిగా ఉన్నది ఒకటి. 280జెడ్, జెడ్31 300జెడ్ఎక్స్‌లలో పొడుగుది. ఎస్13 సిల్వియా, జెడ్32లలో పొట్టిది, అది నీ బండి మౌంటింగులకి నేరుగా కూర్చోదు. పొడుగుది దొరికినా వెనకాల దాన్ని పట్టుకునే అడ్డపట్టీ, అదే మీసంలా వంగి ఉండేది, ఆర్200దే కావాలి. నీ పాతదానికి బోల్టుల దూరం సరిపోదు.

కాబట్టి డిఫరెన్షియల్ ఒక్కదాన్నే కొనకు. అది ఏ బండిలోంచి వస్తుందో ఆ బండి అడ్డపట్టీ, పక్క ఫ్లాంజులు (షాఫ్టులు బోల్టులతో కలిసే బిళ్లలు), వీలైతే గేర్‌బాక్స్ నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ వెనక ఫ్లాంజ్ కూడా కలిపి అడుగు. మాజ్దా ఎంఎక్స్-5 వాళ్లకీ ఇదే గొడవ. 1.6 ఇంజిన్ బండికి 6 అంగుళాల క్రౌన్ వీల్, 1994లో 1.8 వచ్చినప్పుడు 7 అంగుళాలది పెట్టారు. పెద్దది పాత బండిలో కూర్చుంటుంది, కానీ యాక్సిల్ షాఫ్టులూ ప్రొపెల్లర్ షాఫ్టూ దానితో పాటే రావాలి.

అసలు నీకు ఆర్200 ఎందుకు? ఇంజిన్ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటే ఆర్180 హాయిగా మోస్తుంది. సుబారు వాళ్లు డబ్ల్యూఆర్ఎక్స్ ఎస్టీఐ వెనక పెట్టింది కూడా ఆర్180 కుటుంబందే. దాన్లో లిమిటెడ్ స్లిప్ (ఎల్ఎస్‌డీ, ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించే ఏర్పాటు) ఉంటుంది కాబట్టే జెడ్ బండ్లవాళ్లు దానికోసం వెతుకుతారు. దానికీ పక్క షాఫ్టులు నేరుగా కలవవు, ప్రత్యేకంగా చేసిన అడాప్టర్లు కావాలి. ఖర్చు అక్కడే అవుతుంది.

డబ్బు ఇచ్చే ముందు రేషియో, అంటే చక్రాలు ఒక చుట్టు తిరగడానికి పినియన్ (క్రౌన్ వీల్‌ని తిప్పే చిన్న పళ్ల చక్రం) ఎన్ని చుట్లు తిరగాలో, నువ్వే లెక్కపెట్టుకో, స్టిక్కర్‌ని నమ్మకు. మామూలు డిఫరెన్షియల్ అయితే ఒక పక్క కదలకుండా పట్టుకుని, రెండో పక్క సరిగ్గా రెండు చుట్లు తిరిగేదాకా పినియన్ తిప్పు. పినియన్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. లిమిటెడ్ స్లిప్ అయితే రెండు పక్కలూ కలిసి ఒక్క చుట్టు తిరిగేదాకా తిప్పు. వెనక మూత తీసి ఉంటే పళ్లు లెక్కపెట్టడం ఇంకా ఖాయం: క్రౌన్ వీల్‌కి 37, పినియన్‌కి 11 పళ్లు అంటే 3.364, అమెరికాలో అమ్మిన నాలుగు గేర్ల 240జెడ్‌కి అదే. 39కి 10 అంటే 3.9. మొదటిది తీసి రెండోది పెడితే అదే వేగంలో ఇంజిన్ దాదాపు 16 శాతం ఎక్కువ తిరుగుతుంది. పికప్ బాగుంటుంది, హైవే మీద చెవులు హోరెత్తుతాయి. స్పీడోమీటర్ కూడా అంతే ఎక్కువ చూపిస్తుంది, గేర్‌బాక్స్‌లో దాని చిన్న పినియన్ మార్చుకోవాలి. సుబారు లాంటి నాలుగు చక్రాల డ్రైవ్ బండిలో మాత్రం ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ చేరే మొత్తం రేషియో ఒకటే ఉండి తీరాలి.

ఒక డిఫరెన్షియల్‌లోంచి క్రౌన్ వీల్, ఇంకోదాంట్లోంచి పినియన్ తీసి కలపకు. అవి జతగా అరగదీసినవి, విడదీస్తే ఏడుస్తాయి. ఆర్200 క్రౌన్ వీల్ బోల్టుల్లోనే 10, 12 మిల్లీమీటర్లవి రెండు రకాలున్నాయి, ఎల్ఎస్‌డీ కొనేటప్పుడు అది చూసుకో. పాత ఆయిల్ ఒంపించి చూడు. అయస్కాంతానికి బూడిదలాంటి పొడి అంటుకుంటే టెన్షన్ పడక్కర్లేదు, ముక్కలు కనిపిస్తే వదిలేసి వచ్చేయ్.

బిగించాక జీఎల్-5 రకం గేర్ ఆయిల్ పోయి. క్లచ్ ప్లేట్ల ఎల్ఎస్‌డీ అయితే దానికి సరిపడే ఫ్రిక్షన్ మాడిఫయర్ (ప్లేట్ల రాపిడిని సర్దే మందు) కలిసినది తీసుకో, లేకపోతే మలుపుల్లో టకటకమంటుంది. పాత ఆయిల్ తీసేటప్పుడల్లా ముందు ఆయిల్ పోసే పై ప్లగ్ విప్పు. కింది ప్లగ్ తీసి ఖాళీ చేశాక పైది తుప్పుపట్టి రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది.

పెదనాన్న